పార్టు మార్చడమా, లోపం పట్టడమా? హార్డ్‌వేర్ టెక్నీషియన్ చదువుపై ఒక సమీక్ష

కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. సర్వీసు షాపుల్లో దీన్ని ‘నో డిస్‌ప్లే’ అంటారు. ఈ ఒక్క కంప్లైంటును ముగ్గురు టెక్నీషియన్ల ముందు పెడితే ముగ్గురూ మూడు దారులు పడతారు. ఒకరు కస్టమర్‌ను అన్నీ అడిగి, కారణాలు రాసుకుని, వరసగా ఒక్కో మెట్టూ ఎక్కుతారు. ఇంకొకరు ఉన్న ర్యామ్ తీసి వేరే ర్యామ్ పెట్టి చూస్తారు. మూడో మనిషి మల్టీమీటర్ తీసి బోర్డు మీద వోల్టేజీలు కొలవడం మొదలుపెడతారు. టెక్నీషియన్ సర్టిఫికెట్ కోసం చదివే విద్యార్థికి వీటిలో ఏది ముందు నేర్పాలన్నది ముప్పై ఏళ్లుగా తెగని వాదం. విదేశీ సర్టిఫికేషన్లది ఒక మాట, అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లది ఇంకో మాట, ఐటీఐ సిలబస్‌ది మరో మాట. ఈ మధ్య చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌తో సహా అన్నీ బోర్డుకే అతికించి వస్తుండటంతో చిక్కు ఇంకా ముదిరింది. ఈ పక్షాలన్నీ బాగుచేయడం ఎలాగో చెబుతున్నాయి. ఏ పరీక్ష చేస్తే ఏ అనుమానాన్ని పూర్తిగా కొట్టేయవచ్చో నేర్పడం మాత్రం అన్నిచోట్లా వెనకబడింది. చదువులో ముందు రావలసింది అదేనన్నది ఈ వ్యాసం వాదన.

సర్క్యూట్ నుంచి కార్డు దాకా

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు ఆ కంపెనీ అమ్మిన టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌లో సర్క్యూట్ బొమ్మలతోపాటు బయాస్ ప్రోగ్రామ్ కూడా అచ్చయి ఉండేది. యంత్రం ఆన్ కాగానే తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక చిన్న బీప్ కొట్టేది. మెమరీలో లోపం ఉంటే తెర మీద కనిపించిన సంఖ్యను బట్టి ఏ చిప్పు పోయిందో చెప్పగలిగేవారు. లోపం పట్టడం, బాగుచేయడం అప్పట్లో ఒకే విద్య. తర్వాత అనుకరణ పీసీలు వెల్లువెత్తి విడిభాగాల ధరలు పడిపోయాయి, చిప్పులు చిన్నవై బోర్డుకు నేరుగా అతుక్కున్నాయి. పోయిన చిప్పును వెతికే మనిషి జీతం కన్నా కొత్త కార్డు ధర తక్కువైన చోట, టెక్నీషియన్ పని కార్డు మార్చడంగా స్థిరపడింది.

కాంప్‌టియా వారి ఏ ప్లస్ సర్టిఫికేషన్ 1993లో ఆ వాతావరణంలోనే పుట్టింది. ఆ సంస్థ 1982లో కంప్యూటర్ డీలర్ల సంఘంగా మొదలైందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఏ షాపులో నిలబెట్టినా ఒకే తీరులో, కస్టమర్‌కు నష్టం చేయకుండా పనిచేసే మనిషి డీలర్‌కు కావాలి. ఏ ప్లస్ అలాంటి మనిషినే తయారుచేయాలనుకుంది. ఇప్పుడది రెండు పరీక్షలు. ఒక్కో దానిలో 90 నిమిషాలు, అత్యధికంగా 90 ప్రశ్నలు. 900 దాకా ఉండే స్కోరులో మొదటిదానికి 675, రెండోదానికి 700 రావాలి. 2011 నుంచి సర్టిఫికెట్‌కు మూడేళ్ల గడువు పెట్టారు. 2025 మార్చిలో వచ్చిన 220-1201 పరీక్షలో హార్డ్‌వేర్, నెట్‌వర్క్ లోపాలు కనిపెట్టే విభాగానికి 28 శాతం బరువు ఇచ్చారు, మిగతా ఏ విభాగానికీ అంత లేదు.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల మనిషి శ్రమ చవక, బోర్డు ప్రియం. బోర్డు పోయిందంటే మార్చమనే కస్టమర్ కన్నా బాగుచేసి ఇవ్వమనే కస్టమరే ఎక్కువ. అందుకే ఇక్కడి ప్రైవేటు శిక్షణలో ‘చిప్ లెవెల్’, అంటే బోర్డు మీది చిప్పుల స్థాయిలో మరమ్మతు, అన్న మాటకు అంత గిరాకీ. ఐటీఐల్లో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్ ఉంది. ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ ‘ఫీల్డ్ టెక్నీషియన్, కంప్యూటింగ్ అండ్ పెరిఫెరల్స్’ అనే అర్హతను రూపొందించింది. ఇలా ఒకే పనికి వేర్వేరు చదువులు వచ్చాయి. ఒక చదువు చదివినవారికి ఇంకో చదువు అక్కరలేనిదిగానో, అరకొరగానో కనిపిస్తుంది.

మెట్ల పద్ధతి

ఏ ప్లస్ ఏళ్ల తరబడి నేర్పిన క్రమం ఇది. సమస్య ఏమిటో తెలుసుకోవాలి, కారణం ఊహించాలి, ఆ ఊహను పరీక్షించాలి, పని ప్రణాళిక వేసుకుని అమలు చేయాలి, యంత్రం మొత్తం పనిచేస్తోందో లేదో చూడాలి, చేసిందంతా రాసిపెట్టాలి. దీని బలం క్రమశిక్షణ. కేబుల్ ఊడిందా, మానిటర్ వేరే పోర్టుకు పెట్టారా, నిన్న కొత్తగా ఏమైనా బిగించారా అని అడగకుండానే స్క్రూడ్రైవర్ పట్టే అలవాటును ఇది ఆపుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో మానిటర్ కేబుల్‌ను బోర్డు పోర్టుకు తగిలించి ‘నో డిస్‌ప్లే’ అని తెచ్చేవారికి ఈ మొదటి మెట్టు చాలు.

దీని లోటు రెండు, మూడు మెట్ల మధ్య ఉంది. కారణం ఊహించాలంటారు, ఊహల్లో దేన్ని ముందు పరీక్షించాలో మాత్రం చెప్పరు. ‘నో డిస్‌ప్లే’కు పది కారణాలు రాసుకున్న విద్యార్థి ఒకటి తర్వాత ఒకటి పదీ చూసుకుంటూ పోతే క్రమం తప్పనట్టే, పరీక్ష కూడా పాసవుతాడు. బెంచీ దగ్గర మాత్రం సాయంత్రమవుతుంది. తెర మీద బొమ్మలు కదిలించే అభ్యాస ప్రశ్నలు ఈ లోటును కొంత తీరుస్తాయి గానీ, నాలుగు ఆప్షన్లు ముందే కనిపించే చోట అసలు కష్టం సగం పోతుంది. నిజమైన యంత్రం ఆప్షన్లు ఇవ్వదు.

మార్చి చూసే పద్ధతి

షాపుల్లో ఎక్కువగా నడిచేది ఇదే. అనుమానం ఉన్న పార్టు తీసి, పనిచేసే స్పేర్ పెట్టి చూస్తారు. దీన్ని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. డెస్క్‌టాప్‌లో ర్యామ్ మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఫలితం అక్కడికక్కడే తేలుతుంది. కానీ ఈ తర్కం నిలబడాలంటే మూడు షరతులు తీరాలి. లోపం ఒక్కటే ఉండాలి. స్పేర్ కచ్చితంగా మంచిదై ఉండాలి. మార్చినప్పుడు మారింది ఆ పార్టు ఒక్కటే అయి ఉండాలి. మూడోది దాదాపు ఎప్పుడూ తీరదు, ఎవరూ దాన్ని పట్టించుకోరు కూడా.

ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టడం మన షాపుల్లో రోజూ జరిగే పని. చాలాసార్లు డిస్‌ప్లే వస్తుంది. అప్పుడు ఏం తెలిసినట్టు? కాంటాక్టుల మీది మురికి పోయింది. ర్యామ్ స్లాట్‌లో కొత్తగా, గట్టిగా కూర్చుంది. కరెంటు తీసేయడంతో బోర్డులో మిగిలిన ఛార్జీ ఖాళీ అయింది. మూడు మార్పులు ఒకేసారి జరిగాయి. వాటిలో దేనివల్ల పనిచేసిందో చెప్పలేం. స్లాట్‌లో ఒక పిన్ వదులుగా ఉంటే అది అలాగే ఉంది, నెల తిరిగేసరికి అదే సిస్టమ్ మళ్లీ బెంచీ మీదికొస్తుంది. రబ్బరు వాడటం తప్పని దీని అర్థం కాదు. రుద్దకుండా ఒకసారి ఊరికే తీసి పెట్టి చూస్తే ఒక అనుమానం విడిపోయేది, ఆ అర నిమిషం పనిని చదువు నేర్పడం లేదు.

2024లో బయటపడిన ఇంటెల్ ప్రాసెసర్ల వ్యవహారం ఈ పద్ధతి పరిమితిని లోకమంతటికీ చూపింది. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న సిస్టమ్‌లలో ఆటలు మధ్యలో ఆగిపోయేవి. తెర మీద వచ్చే సందేశం వీడియో మెమరీ చాలడం లేదని. ఆ మాట నమ్మి గ్రాఫిక్స్ కార్డు మీద, డ్రైవర్ల మీద పడినవారు ఎందరో. అసలు లోపం ప్రాసెసర్‌లో ఉంది. అధిక వోల్టేజీ, వేడి వల్ల దాని లోపలి క్లాక్ సర్క్యూట్ అరిగి, స్థిరంగా పనిచేయడానికి అంతకంతకూ ఎక్కువ వోల్టేజీ అవసరమయ్యేది. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పులను మాత్రం ఆ సవరణలు బాగుచేయలేవు. తెర మీద వచ్చిన మాట ఒక లక్షణం మాత్రమే. దాన్నే కారణంగా తీసుకుంటే స్పేర్‌లు ఎన్ని ఉన్నా చాలవు.

చిప్ లెవెల్ పక్షం

పార్టులు మార్చేవాడు టెక్నీషియనే కాదనేది ఈ పక్షం వాదన. దానికి బలమైన ఆధారాలున్నాయి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో నాసిరకం ఎలక్ట్రోలైట్ నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతటా మదర్‌బోర్డుల మీద ఉబ్బి పగిలాయి. కార్డు మార్చే టెక్నీషియన్ వేల రూపాయల బోర్డు మార్చమన్నాడు. సోల్డరింగ్ వచ్చినవాడు కొద్ది ఖర్చుతో కెపాసిటర్లు మార్చి అదే బోర్డును నిలబెట్టాడు. ల్యాప్‌టాప్‌లో అడాప్టర్ నుంచి వచ్చే 19 వోల్టులు ఏ మాస్‌ఫెట్ దగ్గర ఆగిపోయాయో కొలిచి చెప్పగల మనిషి విలువ కాదనలేనిది. మెమరీ, స్టోరేజీ బోర్డుకే సోల్డర్ అయి వచ్చే ల్యాప్‌టాప్‌లలో మార్చి చూడటానికి ఏమీ మిగల్లేదు కూడా.

అయినా పనిముట్టు లోతుకు వెళ్లినంత మాత్రాన తర్కం లోతుకు వెళ్లదు. 2008 జులైలో ఎన్‌విడియా తన కొన్ని ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల ప్యాకేజింగ్‌లో బలహీనమైన పదార్థం వాడినట్టు ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్ల ఖర్చు ప్రకటించింది. ఆ ల్యాప్‌టాప్‌లకు విరివిగా చేసిన వైద్యం చిప్పును వేడిచేయడం, లేదా దాని కింది సోల్డర్ బంతులను మార్చే రీబాలింగ్. చాలావాటికి డిస్‌ప్లే వచ్చింది, కొద్దికాలానికి మళ్లీ పోయింది. లోపం బోర్డుకూ చిప్పుకూ మధ్య ఉన్న బంతుల్లో లేదు, చిప్పు ప్యాకేజీ లోపలి సన్నని అతుకుల్లో ఉంది. వేడికి అవి తాత్కాలికంగా కలుసుకున్నాయి. రీబాలింగ్ చేయగానే పనిచేసింది గనుక లోపం బంతుల్లోనే అనుకోవడం, రబ్బరుతో రుద్దగానే పనిచేసింది గనుక మురికే కారణమనుకోవడం లాంటిదే. ఒకచోట హాట్ ఎయిర్ మెషీన్ ఉంది, ఇంకోచోట పెన్సిల్ రబ్బరు ఉంది.

పరిశోధనలు ఎటు మొగ్గుతున్నాయి?

డెన్మార్క్‌లోని రిసో ప్రయోగశాలలో జెన్స్ రాస్ముసెన్, ఆయన సహచరుడు ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసే టెక్నీషియన్ల ఆలోచనను గమనించి 1974లో ప్రచురించారు. ఇంజినీర్లు ఊహించినట్టు వాళ్లు సర్క్యూట్ సిద్ధాంతం నుంచి కారణాన్ని రాబట్టడం లేదు. పరికరం పటం మనసులో పెట్టుకుని, ఇక్కడ సిగ్నల్ బాగుందా లేదా అని చకచకా చిన్న చిన్న పరీక్షలు చేస్తూ లోపం ఉన్న ప్రాంతాన్ని కుదిస్తూ పోతున్నారు. 1985లో మోరిస్, రౌస్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, సిద్ధాంతం ఒక్కటే చెబితే మంచి టెక్నీషియన్లు తయారుకారని తేల్చారు. 2000లో షాఫ్‌స్టాల్ బృందం డచ్ నౌకాదళ టెక్నీషియన్ల మీద చేసిన ప్రయోగం ఈ చర్చకు అన్నిటికన్నా దగ్గరిది. పరికరాన్ని పనుల వారీగా అంచెలుగా విడగొట్టి, క్రమబద్ధంగా పరీక్షించడం నేర్చుకున్నవారు పాత పద్ధతిలో చదివినవారి కన్నా రెట్టింపు లోపాలను, తక్కువ సమయంలో పట్టుకున్నారు. మెట్ల పద్ధతికి అనుకూలంగా ఈ ఫలితాన్ని చూపేవారున్నారు. నిజానికి అక్కడ నేర్పింది మెట్లు, పటం రెండూ కలిపి.

ఇంకో వైపు జూలియన్ ఆర్ ఉన్నారు. జిరాక్స్ కాపీ మెషీన్ల టెక్నీషియన్లతో తిరిగి 1996లో ఆయన తెచ్చిన పుస్తకం, మాన్యువల్‌లో లేని లోపాలను వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే పాత కేసుల కథల ద్వారా పరిష్కరించుకుంటున్నారని చూపింది. సీనియర్ దగ్గర కూర్చుని నేర్చుకునే మన షాపు పద్ధతికి ఇదే సమర్థన. ఒప్పుకోవలసిన మాటే. సముద్ర తీరంలో తేమకు తుప్పుపట్టే కాంటాక్టులు, ఎండాకాలంలో దుమ్ముతో మూసుకుపోయిన హీట్‌సింక్, ఎర్తింగ్ లేని ఇళ్లలో పదేపదే కాలే పోర్టులు ఏ విదేశీ పుస్తకంలోనూ అంత స్పష్టంగా ఉండవు. అయితే తెలిసిన కేసుకే కథ సాయపడుతుంది. కొత్త తరం ప్రాసెసర్ వచ్చిన ఏడాది కథలింకా పుట్టి ఉండవు.

యంత్రాల వైపు నుంచి వచ్చిన లెక్కలు విద్యార్థికి ఇంకా ముఖ్యం. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా హార్డ్ డిస్కులను పరిశీలించారు. స్కాన్‌లో తొలి లోపం కనిపించిన డిస్కుకు, లోపం లేని డిస్కుల కన్నా అరవై రోజుల్లో పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువ. మరోపక్క, పాడైపోయిన డిస్కుల్లో 56 శాతం, డిస్కు తన స్థితిని తానే గమనించి ఇచ్చే ‘స్మార్ట్’ సంకేతాల్లో బలమైనవని భావించిన నాలుగింటిలో ఒక్కటీ చూపకుండానే పోయాయి. అంటే స్మార్ట్ ‘బాగాలేదు’ అంటే నమ్మాలి, ‘బాగుంది’ అంటే ఏమీ తేలనట్టే. ఒకే పరీక్షకు రెండు జవాబుల బరువు వేర్వేరు. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు పది లక్షల మామూలు పీసీల క్రాష్‌లను విశ్లేషించి, హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి ఆగిన యంత్రం మళ్లీ ఆగే అవకాశం వంద రెట్ల దాకా పెరుగుతుందని చూపారు. బ్లూ స్క్రీన్ వచ్చిన సిస్టమ్‌కు ఫార్మాట్ కొట్టి, విండోస్ ఎక్కించి, గంటసేపు బాగుందని పంపేయడం ఎందుకు ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది.

విభజించే పరీక్ష

మళ్లీ ‘నో డిస్‌ప్లే’కే వద్దాం, ఈసారి ఫ్యాన్ కూడా తిరగని సందర్భాన్ని కలుపుకుని. డెస్క్‌టాప్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ప్లగ్ పెట్టగానే, బటన్ నొక్కకముందే, ఊదా వైరులో 5 వోల్టులు ఉండాలి. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 4.75కు తగ్గకూడదు, 5.25 దాటకూడదు. బటన్ నొక్కితే ఆకుపచ్చ వైరు వోల్టేజీ సున్నా దగ్గరికి పడాలి. పడకపోతే అనుమానం బటన్ వైపు, బోర్డు వైపు. పడినా ఫ్యాన్ తిరగకపోతే అనుమానం ఎస్ఎంపీఎస్ వైపు, లేదా ఎక్కడో షార్ట్. వోల్టేజీలు నిలకడపడ్డాక సెకనులో పదో వంతు నుంచి సగం లోపు బూడిద రంగు వైరులో ‘అంతా సరే’ అనే సంకేతం రావాలి. ఇక్కడిదాకా పార్టు ఏదీ విప్పలేదు, స్పేర్ ఏదీ వాడలేదు. మూడు కొలతలతో సగం అనుమానాలు పోయాయి.

తర్వాతిది ఇంకా చవకైన పరీక్ష. ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయాలి. బోర్డు బీప్ కొట్టినా, మెమరీ లోపం చూపే లైటు వెలిగినా, ప్రాసెసర్, బయాస్ చిప్, వాటికి కరెంటు అందించే సర్క్యూట్ బతికే ఉన్నట్టు. ర్యామ్ లేదని గుర్తించి చెప్పాలంటే అవి పనిచేయాల్సిందే. ఏమీ రాకపోతే మాత్రం తొందరపడి ప్రాసెసర్ పోయిందనకూడదు, బోర్డుకు స్పీకరే లేకపోవచ్చు. గూగుల్ డిస్కుల్లో కనిపించిన తేడాయే ఇక్కడా ఉంది. అలాగే డీడీఆర్5 బోర్డులు కొత్త ర్యామ్ పెట్టిన మొదటిసారి దానితో సర్దుబాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తెర ఖాళీగా ఉంచుతాయి. ఆ సంగతి తెలియనివాడు మంచి ర్యామ్‌ను చెడ్డదంటాడు.

ఈ కోణంలో పక్షాలను పోల్చితే, మెట్ల పద్ధతి అడగడం, రాయడం నేర్పింది, ఎంచుకోవడం నేర్పలేదు. మార్చి చూసే పద్ధతికి వేగం ఉంది, రుజువు తక్కువ. చిప్ లెవెల్ చదువుకు కొలిచే చేయి ఉంది, ఎక్కడ కొలవాలో ముందు నిర్ణయించే అలవాటు అన్నిచోట్లా లేదు. కథలు తెలిసిన లోపాన్ని క్షణంలో పట్టిస్తాయి, కొత్తదాని ముందు నిలబడవు. విభజించే పరీక్షను మధ్యలో పెడితే ఈ నాలుగింటికీ వాటి చోటు దొరుకుతుంది.

అభ్యంతరాలు

మొదటిది షాపు యజమానిది. అద్దె, జీతం లెక్కేస్తే కొలుస్తూ కూర్చోవడం కన్నా మార్చి చూడటమే చవక అంటారు. స్పేర్ చేతిలో ఉండి, పార్టు సులువుగా ఊడే చోట ఇది నిజం. అప్పుడు మార్చి చూడటమే మంచి విభజన పరీక్ష అవుతుంది. కానీ వోల్టేజీ అదుపు తప్పిన ఎస్ఎంపీఎస్ మీద పెట్టిన మంచి స్పేర్ కూడా పోతుంది. తిరిగొచ్చిన సిస్టమ్‌కు రెండోసారి డబ్బు ఎవరూ ఇవ్వరు. ఆ లెక్క కూడా వేసుకోవాలి.

రెండోది పరీక్షలు పెట్టే సంస్థలది. లక్షల మందికి నిజమైన యంత్రాలు ఇచ్చి పరీక్ష పెట్టలేమంటారు. ప్రపంచవ్యాప్తంగా జరిగే ఏ ప్లస్‌కు ఈ ఇబ్బంది నిజంగానే ఉంది. వర్క్‌షాపు, ప్రాక్టికల్ పరీక్ష రెండూ ఉన్న ఐటీఐలకు లేదు. పాత మదర్‌బోర్డులు తక్కువ ధరకు దొరుకుతాయి, లోపం పెట్టడానికి ఒక వైరు కత్తిరిస్తే చాలు. సీఆర్2032 బ్యాటరీ తీసేసి, తేదీ తప్పిపోయిన కంప్యూటర్‌లో వెబ్‌సైట్లు సురక్షితం కాదని ఎందుకు చూపుతున్నాయో కనుక్కోమంటే చాలు. నెట్‌వర్క్ వెంట పరుగెత్తేవాడెవడో, గడియారం చూసేవాడెవడో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

కృత్రిమ మేధ అన్నీ చెప్పేస్తుంది గదా అన్నది మూడోది. అది చెప్పేది మనం ఇచ్చిన లక్షణాలను బట్టే. ఊదా వైరులో ఎన్ని వోల్టులున్నాయో ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి.

ఇంకా తేలనివి

సోల్డర్ చేసిన మెమరీ, ఒక బోర్డుకే జతకట్టిన భాగాలు పెరిగేకొద్దీ కార్డు స్థాయి పని ఎంతకాలం ఉంటుందో తెలియదు. బోర్డు బొమ్మలు లేకుండా చిప్ లెవెల్ చదువు సాగదు, వాటిని అధికారికంగా బయటపెట్టే తయారీదారులు అరుదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న ‘మరమ్మతు హక్కు’ పోర్టల్ తెచ్చింది. దానితో మాన్యువళ్లు, విడిభాగాలు చిన్న షాపుదాకా చేరతాయా అన్నది ఇంకా తేలాలి. మూడేళ్లకోసారి సర్టిఫికెట్ కొత్తగా తీసుకోవడం చిన్న ఊళ్లో టెక్నీషియన్‌కు ఖర్చుకు తగ్గ ఫలితమిస్తుందా అన్న ప్రశ్నకూ ఒకే జవాబు లేదు.

ఒక్క పని మాత్రం ఎవరి అనుమతీ లేకుండా, సిలబస్ మారేదాకా ఆగకుండా రేపే మొదలుపెట్టవచ్చు. ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు, ఇన్‌స్టిట్యూట్ల నిర్వాహకులు చివరి పరీక్ష రోజున ప్రతి విద్యార్థి ముందూ లోపమున్న ఒక యంత్రం పెట్టాలి. విప్పడానికి ముందే, తాను చేయబోయే పరీక్ష ఏ అనుమానాలను తీసేస్తుందో కాగితం మీద రాయమనాలి. మార్కుల్లో సగం ఆ కాగితానికే ఇవ్వాలి.